అదే రాలుద్ది

మొన్న ఉగాదికి ముందు, దుమ్ముగూడెం దాటి చర్ల వెళ్లే రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక కోయ గూడెంలో రెండు రాత్రులు పడుకున్నాను. మొదటి రోజు కోడి కూయకముందే మెలకువ వచ్చింది. వాసనే లేపింది అనుకుంటాను. ఇప్పపువ్వు వాసన తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పడం చేతకాదు. పులుపెక్కబోతున్న తీపి, మంచుకు తడిసిన మట్టి, రెండూ కలిసి తలకెక్కుతున్నట్టుంటుంది. బయటికి వచ్చి చూస్తే గూడెం చివరి చెట్టు కింద ఒక అవ్వ వంగి పువ్వు ఏరుతోంది. మీగడ రంగు పువ్వు, పిల్లలాడే గోలీ అంత ఉంటుంది. వేళ్ల మధ్య పట్టుకుంటే చెమ్మగా, బొద్దుగా తగులుతుంది, కాస్త నొక్కితే తియ్యటి నీరు ఊరుతుంది. అర్ధరాత్రి దాటాక మొదలై పొద్దెక్కేదాకా ఒకటొకటే రాలుతుంది. నేలను తాకినప్పుడు ఒక మెత్తని చప్పుడు, అంతే. అవ్వ బుట్ట అడుగు కూడా నిండలేదు, పైన కొమ్మల చివర మాత్రం గుత్తులు గుత్తులుగా వేలాడుతోంది. బడిపంతులు నోరు ఊరుకోదు కదా, అడిగాను: "అవ్వా, ఓ కర్ర పెట్టి దులిపితే ఒక్కసారే పడిపోద్ది గదా?" ఆమె తల ఎత్తలేదు. "అదే రాలుద్ది" అంది. ఇంకాసేపు ఏరాక, పిల్లవాడికి చెప్పినట్టు, "రాలకముందు దులిపితే అది పువ్వు గాదు సారూ" అంది.

ఆ మొదటి మాట నన్ను వదలడం లేదు. అందులో వేదాంతం ఏమీ లేదు, ఆమె వేదాంతం చెప్పనూ లేదు. పని మధ్యలో అడ్డొచ్చినవాడికి ఇచ్చిన జవాబు అది. కానీ రెండేళ్లుగా నా నోటుపుస్తకంలో ఒక చైనా మాట పక్కన ఖాళీ ఉంది. ఆ ఖాళీ కోసమే ఆమె అన్నదేమో అనిపించింది. ఉద్యోగం అయిపోయాక చైనా తాత్వికుడు లావోజు పుస్తకం పట్టుకున్నాను. చైనా లిపిలో అయిదు వేల అక్షరాలు, ఎనభై ఒక్క చిన్న భాగాలు. ఒక ఇంగ్లీషు అనువాదం చదివితే ఒకలా ఉంది, రెండోది చదివితే వేరే పుస్తకంలా ఉంది, మూడోది చదివాక అసలు మాటలేమిటో చూద్దామని నిఘంటువు కొన్నాను. చైనా భాష నాకు రాదు. ఒక్కో మాటను రాయిలా చేతిలోకి తీసుకుని తిప్పి చూడటం మాత్రం వచ్చింది. 'చీ' అనే మాట ఉంది. ఊపిరి, ప్రాణం, లోకమంతా నిండిన జీవశక్తి అని చెప్తారు. దాని పాత రాతలో కింద బియ్యం గుర్తు, పైన లేచే ఆవిరి. ఊపిరికీ ఆవిరికీ మన చెవిలో కూడా ఏదో పొత్తు ఉంది కదా అని సంబరపడి, అన్నం ఉడుకుతున్న గిన్నె ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ మాట తేలిగ్గానే లోపలికి వచ్చింది. రానిది ఇంకొకటి: 'జురాన్'. జున్నులో జు పలికినట్టు పలకాలి. మొదటి సగం 'తను', రెండో సగం 'అలా'. తనకు తానుగా అలా ఉన్నది, అలా అవుతున్నది. ఇప్పటి చైనీయులు ప్రకృతి అనడానికీ ఈ మాటనే వాడతారు. నేను సహజం అని రాశాను, కొట్టేశాను. స్వభావం అని రాశాను, కొట్టేశాను. అవన్నీ పెద్ద మాటలు, తలపాగా చుట్టుకుని కూర్చునే మాటలు. 'అదే' అన్న రెండక్షరాలు నాకు ఎందుకు తట్టలేదు? తెలుగు పంతులుని కదా నేను?

తట్టకపోవడానికి కారణం ఇదేనేమో. నేను వెతికింది నామవాచకాల్లో. అవ్వ దాచుకున్నది క్రియలో. ఆమె నోట 'రాలుద్ది', నా నోట 'దులిపితే'. ఇంటికి వచ్చాక ఈ జంటలు రాసుకుంటూ కూర్చున్నాను. రాలు, రాల్చు. కాగు, కాచు. మారు, మార్చు. కాలు, కాల్చు. తడియు, తడుపు. పండు, పండించు. మొదటిది దానంతట అది అయ్యేది, రెండోది మన చెయ్యి పడితే అయ్యేది. తెలుగు పుట్టినప్పటి నుంచీ ఈ తేడాను ధాతువు తోకలో మోస్తూనే ఉంది. చంటిపిల్లలు కూడా తప్పు చెయ్యరు: గ్లాసు పగిలింది అంటారు, పగలగొట్టాను అనరు. మా నాన్న జీవితమంతా ఎకరంన్నర వరి మడిలో ఉన్నాడు, ఒక్కసారి కూడా 'నేను పండించాను' అనగా వినలేదు. 'ఈ ఏడు పండింది' అనేవాడు, లేదా 'పండలేదు'. దుక్కి, నాటు, కలుపు, కాపలా అన్నీ ఆయనవే. పండటం మాత్రం వరిది. 'పండించిన పంట', 'సాధించిన దిగుబడి' అన్న మాటలు నేను మొదట రేడియోలో విన్నాను.

లావోజు చుట్టూ ఉన్న మాటల్లో అందరికీ తెలిసింది 'ఊ వెయ్'. ఊ అంటే లేకపోవడం, వెయ్ అంటే చెయ్యడం. ఆ 'వెయ్' అక్షరపు అతి పాత రూపం, ఎముకల మీద చెక్కినది, ఒక చెయ్యి, ఆ చేతి కింద ఒక ఏనుగు. ఏనుగును తొండం పట్టి పనికి నడిపించడమన్న మాట. చెయ్యడం అంటే వాళ్ల కళ్లకు మొదట కనిపించింది అదన్న సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఈ మాటను నిష్క్రియ అని, అకర్మ అని రాసుకోవచ్చు. కానీ నిష్క్రియ అనగానే అరుగు మీద కాళ్లు చాపుకున్న మనిషి గుర్తొస్తాడు. అకర్మ అనగానే కురుక్షేత్రం గుర్తొస్తుంది. అయితే నేను ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన మాట ఒకటుంది: అకర్మక క్రియ. కర్మ లేని క్రియ. 'వాన కురిసింది', 'పువ్వు రాలింది'. దేన్ని అని అడిగితే జవాబు రాదు, అందుకే అకర్మకం అని పిల్లల చేత వల్లె వేయించాను. క్రియ ఉంది, జరుగుతోంది, ఎవరి మీదా పడటం లేదు. చెయ్యకుండా చెయ్యడం అని లావోజు వ్యాఖ్యాతలు పేజీలు పేజీలు రాసిన సంగతి మన వ్యాకరణం పేరులోనే పెట్టుకుని కూర్చుంది. ఇది నేను అతికించుకున్న పోలిక కాదు కదా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పోలికే. కానీ పోలిక దగ్గర కాసేపు ఆగితే తప్పేమిటి?

లావోజు మాటలను మన దేశపు భాషలోకి తేవడానికి తంటాలు పడ్డవాడు ఒకడున్నాడు, మన నేల మీద నడిచినవాడే. హ్యూయాన్‌త్సాంగ్. చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో ఆయన పేరు పలకలేక దెబ్బలు తిన్నవాళ్లం చాలామందిమి ఉంటాం. 645లో ఆయన చైనా తిరిగి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత, 647లో, చక్రవర్తి తైజోంగ్ ఒక పని అప్పగించాడు. కామరూపం రాజు భాస్కరవర్మ లావోజు పుస్తకాన్ని సంస్కృతంలో చూడాలని కబురు పెట్టాడు, తర్జుమా చెయ్యమని. లావోజును గురువుగా తలచే తావో పండితులు ఒక పక్క, బౌద్ధ భిక్షువైన ఈయన ఒక పక్క కూర్చున్నారు. మొదటి మాట దగ్గరే తగాదా వచ్చింది. 'తావో'ను ఏమనాలి? బోధి అనాలని వాళ్లు పట్టుబట్టారు. కాదు, మార్గం అనాలని ఈయన. బోధి అంటే మెలకువ, తావో అంటే దారి, దారిని దారే అనాలి అన్నది ఆయన వాదం. ఆ సంస్కృత ప్రతి నేడు ఎక్కడా లేదు, తగాదా మాత్రం రాతలో మిగిలింది. ఆయన పేరులోని మొదటి అక్షరం చూశాక నాకు ఇంకా ఆశ్చర్యం వేసింది. 'శ్వాన్' అన్నది తావో వాళ్లకు ప్రాణమైన మాట, ఎర్రజీర ఉన్న నలుపు, కంటికి అందని లోతు. తావో వాళ్లతో వాదించిన భిక్షువు వాళ్ల మాటనే పేరుగా మోస్తున్నాడు.

అంతకు కొన్నేళ్ల ముందు ఆయన దక్షిణ కోసల నుంచి బయలుదేరి పెద్ద అడవిలో దక్షిణంగా తొమ్మిది వందల లీలు నడిచి ఆంధ్రదేశం చేరానని రాసుకున్నాడు. ఒక లీ అంటే సుమారు అర కిలోమీటరు. ఆయన చెప్పిన రాజధాని వేంగి, ఏలూరు పక్కనున్న మన పెదవేగి అని పండితులు గుర్తించారు. ఆ కోసల నుంచి వేంగికి దిగాలంటే దండకారణ్యం దాటాలి, గోదావరి దాటాలి. చర్ల అవతల ఛత్తీస్‌గఢ్ కొండల వైపు చూసినప్పుడల్లా ఈ అడవుల్లోంచి చేతికర్రతో దిగివస్తున్న ఒక మనిషి నాకు కనిపిస్తాడు. ఇక్కడి వాళ్ల మాట మధ్యదేశపు మాటలా లేదని, అక్షరాల తీరు మాత్రం దాదాపు ఒకటేనని కూడా ఆయన రాశాడు. మాట వేరని విన్నాడు. ఏ గూడెం దగ్గరో, ఏ చెట్టు కిందో ఒక పొద్దు ఆగి ఉంటే, దారిని ఇక్కడ ఏమంటారని అడిగి ఉంటే? తొవ్వ అని చెప్పేవాళ్లేమో. తావో, తోవ అని చెవికి చుట్టరికం కలుపుకోవాలని నాకూ నోరూరింది, కానీ అది చెవి చేసే మోసమే, ఆ రెండు మాటలకూ బంధుత్వం లేదు. నిజంగా కలిసేది ఇంకోచోట ఉంది. చైనా భాషలో తావో అంటే దారి ఒక్కటే కాదు, పలకడం కూడా. పాత నవలల్లో 'అన్నాడు' అని రాయాల్సిన చోట ఆ అక్షరమే రాస్తారు. నడకకూ మాటకూ వాళ్లకు ఒకటే గుర్తు. మనకు ఒక్క అచ్చు తేడా: నడువు, నుడువు.

మళ్లీ క్రియల దగ్గరికి వస్తే, దానంతట అది అయ్యేదీ, చెయ్యి పడితే అయ్యేదీ, భద్రాచలంలో ఈ రెండు రకాల క్రియలూ ఒకే కొండ మీద ఉన్నాయి. రాముడు ఎలా వచ్చాడు అని ఎవరినైనా అడగండి. 'వెలిశాడు' అంటారు. పుట్టలో ఉన్న దేవుడు పోకల దమ్మక్కకు కలలో చెప్పాడని, ఆమె పుట్ట మన్ను కడిగి తాటిపండు పెట్టిందని స్థలపురాణం. వెలవడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఆ తర్వాత నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారై వచ్చాడు. ఆయన గుడి 'కట్టించాడు'. కట్టాడు కూడా కాదు, కట్టించాడు. ఆ ఒక్క క్రియకు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు. నేను గోపన్నను తక్కువ చెయ్యడం లేదు, ఆయన కీర్తనలు లేకపోతే నా బాల్యం లేదు. కానీ దమ్మక్క క్రియ ముందు ఆయన క్రియ ఎంత బరువుగా ఉందో చూడండి. మేడారంలోనూ ఇదే తీరు. విగ్రహం లేదు. రెండేళ్లకోసారి మాఘంలో చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను పూజారులు చేతుల్లో పట్టుకుని దిగుతారు. అయినా జనం 'అమ్మను తెచ్చారు' అని ఊరుకోరు. 'అమ్మ గద్దెకెక్కింది' అంటారు.

ఇక్కడిదాకా రాసి నేను ఆగిపోయాను, వారం రోజులు. దానంతట అది అయ్యే క్రియ ఎంత అందమైనదో, అంత పెద్ద మూతా అవుతుంది. ఈ ఏజెన్సీలో నేను ఎక్కువగా విన్న అకర్మక క్రియ ఏది? 'పోయింది'. 'మా తాత భూమి పోయింది సారూ.' పువ్వు రాలినట్టు భూమి పోదు. ఎవరో తీసుకుంటేనే పోతుంది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు వెళ్లకూడదని 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్‌ను ఇక్కడ అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. అది ఉన్నదే ఈ 'పోయింది' వెనక ఉన్న కర్తను పట్టుకోవడానికి. పోలవరం సంగతీ అంతే. 2014లో పాత ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అప్పటి నుంచి 'ఊళ్లు మునుగుతాయి' అన్న మాట టీకొట్టు దగ్గర కూడా మామూలైపోయింది. మునుగుతాయా, ముంచుతారా? జనం నోరు ఇక్కడ నాకన్నా చురుకైనది: వాటిని ముంపు మండలాలు అన్నారు. ముంపు అన్న మాట 'ముంచు' లోంచి వచ్చింది. ముంచే చెయ్యి ఆ మాటలో ఉంది. అదే గోదావరి తనంతట తాను వచ్చినప్పుడు మాట మారిపోతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 53 దగ్గర. ఆ రోజుల్లో కూడా 'గోదారి వచ్చింది', 'గోదారి తీసింది' అనే అన్నారు, ఇంటికి వచ్చిన చుట్టాన్ని చెప్పుకున్నట్టు. నీరు మెత్తనిదని, పల్లానికి ఒదుగుతుందని, అందుకే గెలుస్తుందని తావో వాళ్లు నీటినే గురువుగా ఎంచుకున్నారు. పల్లంలో ఇల్లున్నవాడు ఆ పాఠం ఎలా చదువుతాడు? ఈ ప్రశ్న పక్కన కూడా నా నోటుపుస్తకంలో ఖాళీయే ఉంది.

ఇంకో రెండు మాటలు చెప్పి అవ్వ దగ్గరికి వెళ్తాను. లావోజు పుస్తకం పేరులో 'తావో' తర్వాత వచ్చే మాట 'దె'. దీన్ని సుగుణం, ధర్మం, శక్తి అని రకరకాలుగా రాస్తారు. దారి ఒక్కో ప్రాణిలో నిలిచి దానికిచ్చే లోబలం అది. అడవి తెలుగులో దానికి మాట ఉంది: చేవ. టేకు దుంగ కోసినప్పుడు బయటి తెల్ల చెక్క లోపల ముదురు రంగులో బిగిసి ఉండేది. చేవ ఎక్కిన చెట్టుకు చెద పట్టదంటారు. చేవ ఉన్న మనిషి అని కూడా మనమే అంటాం. ఆ మాట రాసుకున్న రోజు నాకు పండగ. రెండో మాట 'పూ'. మనకు పువ్వు గుర్తొస్తుంది, వాళ్లకు ఇంకా ఉలి తగలని మొద్దు. మనిషి అలా ఉండాలన్నది లావోజు కోరిక. ఏమైనా కాగలది, ఇంకా ఏదీ కానిది. చైనా భాషలో ఆ మాట మీద కట్టిన మాటలన్నీ మెప్పుదలలే: నిరాడంబరం, నిష్కపటం, సాదాతనం. మనకు మొద్దు అంటే తిట్టు. తిట్టు అని ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ తిట్టు తిట్టినవాణ్ని నేను. ఈ అడవి అంచునే ఒక బడిలో పనిచేసేటప్పుడు, ఆరో తరగతిలో ఒక కోయ పిల్లవాడు గుణింతం దగ్గర ఆగిపోతుంటే అందరి ముందూ మొద్దు అన్నాను. ఒక్కసారి కాదు. ఇంట్లో వాడి భాష వేరని నాకు తెలుసు. వెదురు కణుపు మీద గోటితో కొట్టి, చప్పుడు విని, ఇది బుట్టకు వస్తుంది, ఇది రాదు అని చెప్పేవాడని కూడా తెలుసు. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు రాలేదు. హాజరు పట్టీలో కొన్నాళ్లు సున్నాలు చుట్టాను, తర్వాత పేరు కొట్టేశాను. 'బడి మానేశాడు' అని రిజిస్టరులో రాశాను. మానిపించింది ఎవరో రాసే గడి అందులో లేదు. నేర్చు, నేర్పు అన్న జంటను ఇప్పుడు రాసుకుంటుంటే, నా ఉద్యోగమంతా రెండోదాని మీదే నిలబడిందని, మొదటిది జరగడానికి చోటిచ్చానా అని భయమేస్తోంది.

రెండో రోజు నేను ముందే లేచాను. అవ్వ అప్పటికే చెట్టు దగ్గర ఉంది. పువ్వు ఏరడం లేదు, పుల్లల చీపురుతో ఊడుస్తోంది. ముందు రోజు నేను చూడనిది ఇదే. రాలిన ఆకులో పువ్వు కలిసిపోతే దొరకదు. చాలాచోట్ల ఆ ఆకుకు నిప్పు పెడతారు, ఆ నిప్పు అడవిలోకి పాకుతుంది. ఈమె పెట్టదు. చెట్టు చుట్టూ కొమ్మల నీడ పడేంత మేర నేల నున్నగా, వాకిలిలా అయిందాకా ఊడ్చింది. ముందు రాత్రే గొడ్లు రాకుండా కంప అడ్డం వేసి, ఆ చెట్టుకింద కుక్కి మంచం మీద పడుకుందట. ఇంత చేసింది. రాలడం ఒక్కటే చెయ్యలేదు. ఊ వెయ్ పక్కన నేను రాసిన అరుగు మీద మనిషిని తలుచుకుంటే నాకు చాలా సిగ్గనిపించింది.

నేనూ ఊడుస్తానన్నాను. ఇచ్చింది. నడుము వంగడం అలవాటు లేదు, అయినా ఉత్సాహం కొద్దీ ఆమె ఊడ్చిన గుండ్రం దాటి అడవి వైపు వెళ్లాను. అక్కడ కూడా ఒక కొమ్మ చాచుకుని ఉంది, దాని కింద రాత్రి పడ్డ పువ్వు తెల్లగా కనిపిస్తోంది. ఆ ఆకును కూడా పక్కకు తోస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"అటు ఊడవమాక సారూ. అవి ఎలుగ్గొడ్డువి."